ఎదిరింపు ఉన్న చోట క్రీస్తు విశ్వాసాన్ని ధైర్యంగా చెప్పడం ఎలా

కడప, అనంతపురం, కర్నూలు ప్రాంతాల పల్లెల్లో ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పగలిగిన విశ్వాసికి, మరునాడు పొలం గట్టు మీదనో బస్సులోనో మండల ఆఫీసులోనో ఎవరైనా ‘మీరు చర్చికి పోతారంట గదా’ అని అడిగితే నోరు పెగలకపోవడం మనం తరచుగా చూసేదే. దానిని పిరికితనమని ఒక్క మాటతో తేల్చివేయడం అన్యాయం. కూలికి పిలవడం మానేస్తారేమోనని, బాడుగ ఇల్లు ఖాళీ చేయమంటారేమోనని, కుదిరిన సంబంధం తప్పిపోతుందేమోనని, కన్నవాళ్ళు గడప తొక్కనివ్వరేమోనని వారు భయపడుతున్నారు; ఆ భయాల్లో ఏ ఒక్కటీ ఊరికే కల్పించుకున్నది కాదు. అటువంటి భయం ఉండి కూడా నమ్మినదానిని దాచుకోకుండా బ్రతకాలని కోరుకునేవారికోసం ఇది వ్రాస్తున్నాను. సంఘ పెద్దగా ఉంటూ నేను గమనించినంతవరకు, ఎదిరింపు వచ్చినప్పుడు నిలబడినవారిలో గొంతు పెద్దదైనవారు తక్కువ. ఎవరు వచ్చి ఏమి అడిగినా దాచవలసినది ఏదీ తమ దగ్గర లేనివారే ఎక్కువ. అందువల్ల ధైర్యం కావాలనుకునేవారు మొదట మనస్సాక్షిని చక్కబెట్టుకోవాలి, మాటలు ఆ తరువాత.

భయాన్ని ఒప్పుకోవడం

అపొస్తలుడైన పౌలు కొరింథు సంఘానికి వ్రాస్తూ, తాను బలహీనతతోను భయముతోను ఎంతో వణకుతోను వారి యొద్ద ఉన్నానని చెప్పుకొన్నాడు. ఆ కొరింథులోనే ప్రభువు రాత్రివేళ దర్శనంలో ఆయనతో, భయపడక మాట్లాడమని, మౌనంగా ఉండవద్దని చెప్పవలసి వచ్చింది. పౌలుకే అంతటి భయం కలిగినప్పుడు, ఊరి పెద్దల ముందు మన కాళ్ళు వణికాయని మన విశ్వాసాన్నే అనుమానించుకోనక్కరలేదు. యెరూషలేములో అధికారులు పేతురును, యోహానును బెదిరించి వదిలిపెట్టిన తరువాత విశ్వాసులందరూ కలిసి చేసిన ప్రార్థన అపొస్తలుల కార్యములు 4వ అధ్యాయంలో ఉంది. బెదిరింపులు ఆగిపోవాలని వారు అడిగినట్లు అక్కడ కనబడదు. ఆ బెదిరింపులను చూడమని ప్రభువుకు విన్నవించుకొని, ధైర్యంగా వాక్యం చెప్పే కృపను అడిగారు.

మీ ప్రార్థన కూడా అలాగే సూటిగా ఉండాలి. ‘ప్రభువా, నాకు ధైర్యమివ్వు’ అని పైపైన అడిగి వదిలివేయకుండా, ఎవరి ముందు మాట్లాడడానికి భయమో, ఆ మనిషి వల్ల ఏమి నష్టం కలుగుతుందని భయమో పేరుపెట్టి చెప్పుకోండి. అలా చెప్పుకున్నప్పుడు మన భయం ఏ రకమైనదో మనకే తెలిసివస్తుంది. అడిగితే జవాబు చెప్పలేనేమోనన్న భయమైతే దానికి వాక్యం చదవడం, నేర్చుకోవడం మందు. నలుగురూ నవ్వుతారన్న సిగ్గయితే అది ఒకటి రెండు సార్లు నోరు తెరిచిన తరువాత చాలావరకు తగ్గుతుంది. బ్రతుకుతెరువు పోతుందన్న భయమైతే ఒంటరిగా మోయకండి. సంఘ కాపరికీ నమ్మకమైన ఒకరిద్దరు విశ్వాసులకూ ముందుగానే చెప్పి, అటువంటి రోజు వస్తే ఆ కుటుంబానికి గింజలు ఎవరు చూస్తారు, పని ఎవరు వెతికిపెడతారు అన్నది సంఘంలో మాట్లాడి ఉంచండి. యేసు తన శిష్యులను ఇద్దరిద్దరిగా పంపాడన్న సంగతి మన సంఘాలు మరచిపోరాదు. పక్క వీధికి పోయి ఒకరిని పరామర్శించినా, తోడుగా ఇంకొకరు ఉన్నప్పుడు మాట తడబడదు, అపనిందకూ చోటు తక్కువ.

ఎవరూ వేలెత్తి చూపలేని నడవడి

మన మీద మొదట వచ్చే నింద డబ్బు. ‘బియ్యం ఇస్తే మారినారు’, ‘ఫీజు కడితే మారినారు’ అన్న మాట వినని విశ్వాసి సీమలో ఉండడు. దీనికి వాదనతో జవాబు చెప్పలేము, నడవడితోనే చెప్పాలి. 1876-78 సంవత్సరాల కరువు, అంటే పెద్దలు ధాత కరువు అని పిలిచినది, కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలను పీల్చి పిప్పి చేసింది. ఆ కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించాడు. ఆ పని దొరికినవారిలో ఎందరో బాప్తిస్మం అడిగినా, కడుపుకోసం వచ్చారన్న మాట రాకూడదని, సాయం సాగినంతకాలం ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. సాయం ఆగిన తరువాత కూడా వారు వచ్చి అడిగారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను మనం సభల్లో గొప్పగా చెప్పుకుంటాము గాని, దానికి ముందు ఆయన వేచి ఉన్న నెలలను గురించి ఎక్కువగా చెప్పుకోము. నాకు ఆ వేచి ఉండడమే పెద్ద పాఠంగా కనిపిస్తుంది.

కాబట్టి బియ్యం, దుప్పట్లు, పుస్తకాలు ఇచ్చే రోజున బైబిలు ప్రస్తావన తీసుకురాకండి. ఇచ్చేటప్పుడు చర్చికి ఎన్నడూ రానివారికి, మనల్ని తిట్టినవారికి కూడా ఇవ్వండి. ఇచ్చిన చేతితోనే కూటానికి పిలిస్తే, తీసుకున్నవాడు మొహమాటానికి వస్తాడు, చూసినవాడు ఆశచూపి లాగుతున్నారంటాడు.

స్వస్థత విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. రోగి ఒప్పుకుంటే అతని పక్కన కూర్చొని ప్రార్థించవచ్చు. నయమవుతుందని మాట ఇచ్చే అధికారం మనకు లేదు. షుగరు, మూర్ఛ, క్షయ వంటి జబ్బులున్నవారితో మందులు మానమని చెప్పడం పాపమని నేను నమ్ముతున్నాను. కర్నూలు పెద్దాసుపత్రి వార్డులోనో కడప రిమ్స్‌లోనో మంచాన ఉన్నవారికి కరపత్రం చేతిలో పెట్టడం కంటే, వారికి సహాయంగా ఎవరూ లేకపోతే చీటీ తీసుకొని మందులు తెచ్చిపెట్టడం మేలు.

ఇతరుల దేవుళ్ళను దూషించి ధైర్యవంతులమని అనిపించుకోవాలని చూసేవారు కొందరున్నారు. వారి మాటల ఫలితాన్ని పక్క ఊరిలోని నిరుపేద విశ్వాసులు అనుభవిస్తారు. పౌలు బోధ మీద ఎఫెసు పట్టణంలో అల్లరి చెలరేగి ఆయన తోడివారిని పట్టుకున్నప్పుడు, క్రైస్తవుడు కాని ఆ ఊరి కరణమే లేచి, వీరు గుడి దోచినవారు కారు, మన దేవతను దూషించనూ లేదు అని అందరి ముందు సాక్ష్యం చెప్పాడు. మన ఊరి సర్పంచి, మన వీధి పెద్దమనిషి మన గురించి ఆ మాట చెప్పగలరా అన్నది ప్రతి విశ్వాసీ తన్ను తాను అడుగుకోవలసిన ప్రశ్న. శ్రీశైలం, మహానంది, అహోబిలం, మంత్రాలయం, కదిరి, దేవుని కడప వంటి క్షేత్రాలకు, కడప పెద్ద దర్గాకు వచ్చినవారు తమ మొక్కు తీర్చుకోవడానికి వచ్చారు. అక్కడ కరపత్రాలు పంచకండి. ఆరాధనా స్థలాల్లో ఇతర మతాల ప్రచారాన్ని నిషేధిస్తూ రాష్ట్రంలో 2007లో చట్టం కూడా వచ్చింది. చట్టం లేకపోయినా, మన చర్చి వాకిట్లో మరొకరు అలా చేస్తే మనకు ఎలా ఉంటుందో ఆలోచిస్తే చాలు. తల్లిదండ్రుల అనుమతి లేకుండా వారి పిల్లలను సండే స్కూలులో కూర్చోబెట్టకండి. ప్రభుత్వ బడిలో పనిచేసే ఉపాధ్యాయులు తరగతి గదిలో మత బోధ చేయరాదు. వారి సాక్ష్యం వేళకు బడికి రావడంలో, పిల్లలందరినీ ఒకేలా చూడడంలో కనబడుతుంది, ఎవరైనా బడి వేళల తరువాత అడిగితే అప్పుడు నోటితోనూ చెప్పవచ్చు.

ఏమి చెప్పాలి, ఎలా చెప్పాలి

యోహాను సువార్త 9వ అధ్యాయంలోని, యేసు చూపు ఇచ్చిన పుట్టు గ్రుడ్డివాని కథను మెల్లగా, ఒకటికి రెండుసార్లు చదవండి. సమాజమందిరంలోనుండి వెలివేస్తారని అతని తల్లిదండ్రులు భయపడి, ‘వాడు వయస్సు వచ్చినవాడు, వానినే అడగండి’ అని తప్పించుకున్నారు. వెలి అంటే ఏమిటో తెలిసిన మన పల్లెవాసులకు ఆ తల్లిదండ్రుల మీద కోపం రాదు, జాలి కలుగుతుంది. కొడుకు మాత్రం తనకు తెలియని సంగతులు తెలియవని ఒప్పుకొని, తెలిసిన ఒక్క సంగతిని వదలలేదు: తాను గ్రుడ్డివాడుగా ఉండి ఇప్పుడు చూస్తున్నాడు. మీ సాక్ష్యాన్ని ఈ కొలతకు తగ్గించుకోండి. క్రీస్తును నమ్మక ముందు మీరు ఎలా ఉండేవారు, ఏమి జరిగింది, ఇప్పుడు ఏమి మారింది అన్నది ఐదు నిమిషాల్లో, చర్చి భాషను పక్కన పెట్టి, ఇంట్లో మాట్లాడే మాటల్లో చెప్పగలిగేలా సిద్ధం చేసుకోండి. జరగనిది కలపకండి. సారా మానారంటే మానారని చెప్పండి, కోపం ఇంకా పూర్తిగా పోలేదంటే పోలేదనే చెప్పండి; ఊరివారికి మన గుణం మనకంటే బాగా తెలుసు.

సందర్భాన్ని మనం వెతుక్కోవలసిన పని ఎక్కువగా ఉండదు, అది తానుగా వస్తుంది. అనంతపురం వైపు ఒక పల్లెలో విత్తనానికి శెనక్కాయలు వలుస్తూ వసారాలో ఆడవాళ్ళు కూర్చున్నారు. వారిలో ఒకామె మా సంఘ సభ్యురాలికి బంధువు. పక్కన కూర్చున్న చిన్నామె, ‘ఏమక్కా, బొట్టు పెట్టుకోకుంటే ఇంటాయనకు మంచిది కాదంటారే, నీకు భయం లేదా?’ అని అందరూ వినేటట్టు అడిగింది. వలుస్తున్న చేతులు ఒక్కక్షణం ఆగాయి. ఆమె తల ఎత్తి, ‘ఆయన ప్రాణం దేవుని చేతిలో ఉందని నమ్మినాను చెల్లెలా. పొద్దున్నే లేచి ఆయన కోసరం ప్రార్థన చేసుకొనే పనికి పోతాను. నువ్వు పెట్టుకున్నావని నేను తప్పు పట్టను’ అని చెప్పి మళ్ళీ కాయలు చేతిలోకి తీసుకుంది. కొంతసేపటికి ఆ చిన్నామే, ఈసారి గొంతు తగ్గించి, ‘ఏమని చేసుకుంటావు?’ అని అడిగింది. బొట్టు విషయంలో సంఘాల మధ్య ఆచారాలు వేరువేరుగా ఉన్నాయి, ఆ చర్చకు ఇది చోటు కాదు. ఆమె జవాబులో మనం గమనించవలసినది వేరే ఉంది. ఆమె తాను నమ్మినది చెప్పింది, ఎదుటివారిని తక్కువ చేయలేదు, రెండు మాటలతో ఆపింది. రెండవ ప్రశ్న వచ్చింది ఆమె ఆపినందువల్లనే. మీలో ఉన్న నిరీక్షణను గూర్చి అడిగే ప్రతివానికి సాత్వికంతో, భయభక్తులతో సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమని పేతురు వ్రాసినది ఇటువంటి వసారాలకోసమే.

‘ఇది దొరల మతం’ అన్న మాటకు కోపం తెచ్చుకోకుండా ఉన్న చరిత్ర చెప్పవచ్చు. కతోలిక గురువులు 18వ శతాబ్దంలోనే సీమ పల్లెల్లో తిరిగారు. లండన్ మిషన్ వారి పని కడపలో 1822లో మొదలైంది. జమ్మలమడుగు క్యాంప్‌బెల్ ఆసుపత్రి, కర్నూలు కోల్స్ పాఠశాల, నంద్యాల హోలీ క్రాస్ చర్చి ఆ రోజుల వారు నాటినవే. అయితే 1947 ఆగస్టులో స్వాతంత్ర్యం వస్తే, సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. కడప కేంద్రంగా రాయలసీమ డయాసిస్ (ఒక బిషప్పు కింద ఉండే సంఘాల ప్రాంతం), నంద్యాల కేంద్రంగా మరొక డయాసిస్ నడుస్తున్నవి మన తెలుగువారి చేతుల్లోనే. తరతరాలుగా ఈ నేల మీద జొన్నలు పండించి, ఈ నేలలోనే సమాధి అయినవారి విశ్వాసాన్ని పరాయిదని అనడం సరికాదని మర్యాదగా చెప్పండి. ఒకసారి చెప్పి ఊరుకోండి. వాదనలో ఓడినవాడు మన ఇంటి గుమ్మం తొక్కడు.

చందా, పండుగలు, చావులు

పల్లెల్లో గొడవ తరచుగా సిద్ధాంతం దగ్గర మొదలుకాదు, దేవర చందా దగ్గర మొదలవుతుంది. దేవరకో జాతరకో ఇంటింటికీ వసూలు చేస్తున్నప్పుడు విశ్వాసి వాకిట్లో నిలబడి ‘మేము ఇయ్యం’ అంటే, ఊరు మాకు అక్కరలేదని అన్నట్టు వినబడుతుంది. అందుకే వసూలుకు వచ్చేదాకా ఆగకండి. పండుగకు చాలా ముందుగా ఊరి పెద్దను ఇంటికి వెళ్ళి కలిసి, ‘పెదనాయనా, పూజకు ఇచ్చేదానికి నా మనసు ఒప్పుకోదు. ఊరి పనికి ఎంత చెప్పినా ఇస్తాను. మంచినీళ్ళ ట్యాంకుకో బడి ప్రహరీకో నా వంతు వేసుకోండి’ అని చెప్పి, చెప్పిన మొత్తాన్ని ఆ వారంలోనే తీసుకుపోయి అప్పగించండి. మాట ఇచ్చి ఆలస్యం చేస్తే అంతా చెడుతుంది.

ఊళ్ళో చావు జరిగినప్పుడు కులం, మతం చూడకుండా వెళ్ళండి, పాడె మోయండి, మూడో రోజున మళ్ళీ పోయి పలకరించండి. సంతోషించువారితో సంతోషించమని, ఏడ్చువారితో ఏడవమని వ్రాసి ఉన్న వాక్యానికి మినహాయింపు ఎక్కడా లేదు.

ఇంటిలోనే ఎదిరింపు ఉన్నవారి బాధ వీటన్నిటికంటే బరువైనది. కాలేజీ చదువుతూ నమ్మిన యువకుడు నాయనతో వాదించి గెలవాలని చూడరాదు. పొలం పనిలో, ఇంటి ఖర్చులో మునుపటికంటే ఎక్కువగా భుజం కలపాలి, నమ్మిన సంగతి అడిగినప్పుడు అబద్ధం చెప్పకూడదు. జేజి (నాయనమ్మ) హారతి పళ్ళెం ముందుకు చాపితే, ‘నాకు వద్దు జేజీ, నీ మీద ప్రేమ లేక కాదు’ అని ఆమె చేయి పట్టుకొని చెప్పవచ్చు. కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం దాకా వస్తే, ఆ ఇల్లు విడిచి క్షేమమైన చోటికి వెళ్ళడం విశ్వాసాన్ని వదలడం కాదు. ఒక పట్టణంలో హింసిస్తే మరొక పట్టణానికి పారిపొమ్మని యేసే చెప్పాడు. ఇంట్లో దెబ్బలు తింటున్న స్త్రీని ‘ఓర్చుకో తల్లీ’ అని వెనక్కి పంపే సంఘ పెద్దలు ఆ మాటను మళ్ళీ చదవాలి. ఆమెకు మహిళల సహాయ నంబరు 181 చెప్పి, ఆ రాత్రికి ఉండే చోటు చూపించాలి.

కుల ధ్రువపత్రం

దీనిని దాటవేసి ధైర్యం గురించి మాట్లాడితే మన పల్లెల్లో చాలామందికి ఆ మాటలు ఖాళీగా వినబడతాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు కాక వేరే మతాన్ని అవలంబించేవారిని షెడ్యూల్డు కులాలవారిగా పరిగణించరు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాలనుండి క్రైస్తవులైనవారికీ వారి సంతతికీ బీసీ-సి కింద 1 శాతం రిజర్వేషన్ ఉంది. పిల్లల సీటు, ఉద్యోగం ఆ కాగితం మీద ఆధారపడినప్పుడు, ఆదివారం వెనుక వరుసలో కూర్చొని తలుపు దగ్గరనుండే వెళ్ళిపోయేవారిని నేను నిందించలేను. ఆ ఉత్తర్వు అన్యాయమని భావించేవారు దానిని మార్చమని బహిరంగంగా అడగవచ్చు, న్యాయస్థానాల్లో అడుగుతూనే ఉన్నారు. అయితే సంతకం పెట్టే కాగితం మీద అబద్ధం వ్రాసి, తరువాత సువార్త చెప్పబోతే, ఆ అబద్ధం తెలిసిన ప్రతివాడికీ మనం లొంగి ఉండవలసి వస్తుంది. కుటుంబమంతా కూర్చొని, మంచి న్యాయవాదిని అడిగి, ఏ దారిలో పోయినా తెలిసి పోవడం మంచిది. ఈ నిర్ణయంలో సంఘ కాపరి తొందరపెట్టరాదు.

గొడవ మీదికి వచ్చినప్పుడు

పౌలు ఫిలిప్పీలో దెబ్బలు తిన్న మరునాడు తాను రోమా పౌరుడనని అధికారులకు గుర్తుచేశాడు, తరువాత మరొక విచారణలో రోమా చక్రవర్తి కైసరు ఎదుట చెప్పుకుంటానన్నాడు. చట్టాన్ని ఆశ్రయించడం విశ్వాసలోపం కాదనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు. రాజ్యాంగం 25వ అధికరణం, ప్రజాశాంతి, నీతి, ఆరోగ్యాలకు లోబడి, తన మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కును ప్రతివారికీ ఇచ్చింది. ప్రచారమంటే తన మత సిద్ధాంతాలను వివరించి చెప్పడమేనని, మరొకరిని మార్చే హక్కు అందులో లేదని సుప్రీంకోర్టు 1977లో స్టానిస్లాస్ కేసులో చెప్పింది. ఈ రెండూ తెలిసి ఉంటే మన హద్దు ఎక్కడో, ఎదుటివారి హద్దు ఎక్కడో తడుముకోకుండా చెప్పగలము. 2024 జూలై 1నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 300వ సెక్షను చట్టబద్ధంగా జరిగే మత సమావేశాన్ని కావాలని భంగపరచడాన్ని నేరంగా చెబుతుంది. 299వ సెక్షను మత విశ్వాసాలను దురుద్దేశంతో అవమానించడం గురించినది, అది మనకూ వర్తిస్తుంది.

మైకు పెట్టాలంటే ముందు అనుమతి తీసుకోండి. రాత్రి 10నుండి ఉదయం 6వరకు లౌడ్ స్పీకరు వద్దు. కూటం జరిగే ఇంటి యజమాని ఒప్పుకోలు, మందిరమైతే స్థలం పత్రాలు, అనుమతి నకళ్ళు ఒక సంచిలో సిద్ధంగా ఉండాలి. గుంపు వచ్చిందంటే పాట ఆపి, పిల్లలను ఆడవాళ్ళను వెనుక గుమ్మంగుండా పంపి, ముందే అనుకున్న ఒక్కరే మాట్లాడాలి. పదిమంది ఒకేసారి జవాబు చెబితే తోపులాట మొదలవుతుంది. ఒకరు 112కు ఫోను చేయాలి. ఎవరైనా వీడియో తీస్తే దానిని పోలీసులకూ న్యాయవాదికీ ఇవ్వండి, వాట్సాప్ గుంపుల్లోకి వదలకండి. అది పక్క ఊళ్ళో ఇంకొక గొడవకు నిప్పు అవుతుంది. స్టేషనులో ఫిర్యాదు తీసుకోకపోతే వ్రాతపూర్వకంగా జిల్లా ఎస్పీకి పోస్టులో పంపే హక్కు ఉంది. కేసు పెట్టినంత మాత్రాన క్షమించలేదని కాదు. కొట్టినవాడి బిడ్డకు జ్వరమొస్తే ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోవడానికి కేసు అడ్డు రానక్కరలేదు.

విన్నవారు దగ్గరకు వచ్చినప్పుడు

యూదుల అధికారి అయిన నీకొదేము యేసు దగ్గరకు మొదట రాత్రివేళ వచ్చాడు. తరువాత అధికారుల సభలో యేసు తరఫున ఒక న్యాయమైన ప్రశ్న వేశాడు. చివరకు సిలువ తరువాత, శిష్యులు దాక్కున్న వేళ, సుగంధ ద్రవ్యాలతో పగటి వెలుగులో వచ్చాడు. మీ మాట విని ఆసక్తితో వచ్చినవారిని ఈ మూడు అడుగులూ ఒక్కరోజులో వేయమని ఒత్తిడి చేయకండి. వారి ఫోటోలు, పేర్లు సంఘం గుంపులో పెట్టకండి. బైబిలు అడిగితే ఇవ్వండి, ప్రశ్నలు అడిగితే తెలిసినంత చెప్పండి. బాప్తిస్మం అడిగితే, ఇంట్లో పెద్దలకు తామే చెప్పమని, కావాలంటే తోడుగా మేము వస్తామని చెప్పండి. ఇల్లు తెలియకుండా చేసిన బాప్తిస్మం ఆ ఇంటి తలుపును ఏళ్ళ తరబడి మూసివేస్తుంది. పద్దెనిమిదేళ్ళు నిండనివారైతే తల్లిదండ్రుల సమ్మతి వచ్చేవరకు ఆగండి. తేదీ నిర్ణయించే ముందు సంఘ కాపరితోపాటు ఇద్దరు పెద్దలు వారితో విడిగా కూర్చొని, ఎవరైనా ఏమైనా ఇస్తామన్నారా, ఎవరైనా బలవంతపెట్టారా, ఏమి పోగొట్టుకోవలసి రావచ్చో ఆలోచించుకున్నారా అని అడిగి తెలుసుకోవాలి. వారింకా తేల్చుకోలేదనిపిస్తే మరి కొన్ని నెలలు ఆగమని చెప్పి, ఆ నెలలన్నీ వారి ఇంటికి పోయి రావడం మానకూడదు.